స్ప్లింట్లు: చేతులు, కాళ్ల గాయాలకు అత్యవసర చికిత్సలో ఎంపిక

చేయో కాలో విరిగినా, కీలు తప్పినా, ఆసుపత్రిలో వైద్యుడు చూసేదాకా ఆ భాగాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచే ఆధారం స్ప్లింట్. వెదురు బద్ద, అట్టముక్క, నురుగు తొడుగున్న అల్యూమినియం రేకు, గాలి లాగేస్తే గట్టిపడే సంచి, ఉక్కు చట్రం, ఇలా రూపాలెన్నో ఉన్నా పని ఒకటే. ఎముకను అతికించడం దాని పని కాదు. విరిగిన మొనలు చుట్టూ ఉన్న కండను, రక్తనాళాలను, నరాలను ఇంకా కోయకుండా, చర్మాన్ని పొడుచుకుని బయటికి రాకుండా ఆపాలి. నొప్పి తగ్గించాలి. లోపలి రక్తస్రావాన్ని వీలైనంత అదుపు చేయాలి. కొన్ని గంటలు మాత్రమే ఉండే కట్టు కనుక, వారాల తరబడి ఉండే సిమెంటు కట్టుకు చూసే లక్షణాలు దీనికి పనికిరావు. చప్పున వేయగలగాలి, గాయపడిన అవయవం ఉన్న తీరుకు ఒదగాలి, వేశాక వేళ్లు బయటికి కనబడాలి, ఇబ్బంది అనిపిస్తే వెంటనే విప్పగలగాలి.

2022లో భారతదేశపు రోడ్లపై 4,61,312 ప్రమాదాలు నమోదయ్యాయి. 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారే. బండి మీద నుంచి పడ్డవారికి మోకాలి కింది ఎముకలు, తొడ ఎముక, మణికట్టు, కాలర్ బోన్ విరగడం అత్యవసర విభాగాల్లో నిత్యం చూసేదే. తాటిచెట్టు మీద నుంచి జారిన గీత కార్మికులు, స్నానాల గదిలో కాలు జారిన వృద్ధులు, చెట్టెక్కి పడ్డ పిల్లలు వీరికి తోడు.

చరిత్ర

ఈజిప్టులోని నాగ-ఎద్-దేర్ సమాధుల్లో సుమారు నాలుగున్నర వేల ఏళ్ల నాటి స్ప్లింట్లు దొరికాయి. శరీర నిర్మాణ శాస్త్రవేత్త గ్రాఫ్టన్ ఎలియట్ స్మిత్ వాటిని 1908లో వర్ణించాడు. నారబట్ట చుట్టిన చెక్క బద్దలతో ఒక అమ్మాయి విరిగిన తొడకు కట్టు కట్టారు. ఆ ఎముక అతుక్కున్న జాడ లేదు.

మన దేశంలో సుశ్రుత సంహిత విరిగిన ఎముకల చికిత్సకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించింది. ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మర్రి వంటి చెట్ల బెరడులను, వెదురును కట్టు బద్దలుగా వాడమంది. కట్టు ఎప్పుడు మార్చాలో కూడా చెప్పింది: చలికాలంలో ఏడు రోజులకోసారి, ఎండా చలీ సమంగా ఉన్నప్పుడు ఐదు రోజులకోసారి, వేసవిలో మూడు రోజులకోసారి. కట్టు వదులైతే విరిగిన చోటు నిలకడగా ఉండదని, బిగువైతే వాపు, నొప్పి, చీము వస్తాయని హెచ్చరించింది. బద్ద ఏ చెట్టుదన్నదాని కంటే ఈ హెచ్చరికే నేటికీ విలువైనది.

తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలోని పుత్తూరు దగ్గర రాచపాళెంలో తరతరాలుగా సాగుతున్న 'పుత్తూరు కట్టు' తెలుగువారందరికీ తెలిసిందే. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ దాని సరంజామా. కొద్ది రోజులకోసారి కట్టు విప్పి మళ్లీ కట్టే అలవాటు సుశ్రుతుడు చెప్పినదానికి దగ్గరగా ఉంటుంది. అయితే ఎవరు కట్టినా, ఏ ఊళ్లో కట్టినా, దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజుల్లో, వాపు ఇంకా పెరుగుతుండగా చుట్టూ బిగించే నాటుకట్టు ప్రమాదకరం. కట్టు కింద వేళ్లు నల్లబడి, చివరకు చేయి తీసేయాల్సి వచ్చిన పిల్లల ఉదంతాలు భారతీయ వైద్య పత్రికల్లో పదే పదే అచ్చయ్యాయి.

ఆధునిక కాలంలో స్ప్లింట్ ప్రాణాలు కాపాడిన కథ అనగానే ముందు చెప్పే పేరు హ్యూ ఓవెన్ థామస్ (1834–1891). వేల్స్ ప్రాంతపు నాటు ఎముకల వైద్యుల వంశంలో పుట్టి, వైద్యం చదివి, లివర్‌పూల్ పేటల్లో కూలిజనానికి చికిత్స చేశాడు. గజ్జలో ఆనే ఒక వలయం, దానినుంచి కాలి పొడవునా దిగే రెండు ఇనుప కడ్డీలు ఉన్న చట్రాన్ని ఆయన మొదట మోకాలి జబ్బుల కోసం చేశాడు. ఆయన బతికుండగా దానికి పెద్ద గుర్తింపు రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన శిష్యుడు, భార్య తరఫు బంధువు అయిన రాబర్ట్ జోన్స్ దాన్ని బ్రిటిష్ సైన్యంలోకి తెచ్చాడు. కళ్లకు గంతలు కట్టుకుని కూడా బిగించగలిగేలా స్ట్రెచర్ మోసేవారికి తర్ఫీదు ఇచ్చారు. యుద్ధం తొలి ఏళ్లలో తూటా తగిలి తొడ ఎముక విరిగినవారిలో నూటికి 80 మంది చనిపోయేవారని, 1918 నాటికి ఇరవై లోపుకు తగ్గిందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ఆ మొదటి అంకెను చరిత్రకారులు కొందరు అనుమానిస్తారు. 1917లో ఆరాస్ యుద్ధంలో లెక్కించిన 1,009 తొడ విరుగుళ్లలో మరణాలు 15.6 శాతమన్నది మాత్రం సర్జన్ హెన్రీ గ్రే నమోదు చేసిన లెక్క. ఆ ఘనతంతా చట్రానిదే అనడం కూడా సరికాదు. అదే కాలంలో గాయాన్ని కోసి శుభ్రం చేసే పద్ధతి, షాక్‌కు చికిత్స మెరుగుపడ్డాయి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీని డచ్ సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసెన్ 1851–52లో వాడుకలోకి తెచ్చాడు. రష్యన్ సర్జన్ పిరోగోవ్ క్రిమియా యుద్ధంలో ప్లాస్టర్ కట్లను పెద్ద ఎత్తున వేయించాడు.

ఎంపికకు ముందు

శ్వాస ఆడుతోందా, ఎక్కడైనా రక్తం ధారగా పోతోందా అన్నవి చూశాకే చేయీ కాలూ. రక్తపోటు పడిపోతున్న మనిషికి రోడ్డు పక్కన పది నిమిషాలు కూర్చుని ముంజేతికి అందంగా కట్టు కట్టడం పనితనం అనిపించుకోదు. అలాంటివారిని స్కూప్ స్ట్రెచర్ మీదో పొడవాటి బోర్డు మీదో పడుకోబెట్టి పట్టీలతో బిగిస్తే ఒళ్లంతటికీ అదే స్ప్లింట్. మిగతా కట్లు దారిలో కట్టవచ్చు.

ఆ తరువాత గాయానికి దిగువన మూడు చూడాలి: నాడి, స్పర్శ, కదలిక. చేతికైతే మణికట్టు దగ్గర, కాలికైతే పాదం పైభాగాన, లోపలి చీలమండ వెనుక నాడి పట్టాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. గోరింటాకు పండిన గోళ్లపై ఈ పరీక్ష పనిచేయదు, వేలి కొన మెత్తని భాగాన్ని నొక్కాలి. బొటనవేలు పైకెత్తమనడం, వేళ్లు విడదీయమనడం, బొటనవేలు చూపుడువేలు కలిపి సున్నా చుట్టమనడం, ఈ మూడు పనులతో చేతి మూడు ప్రధాన నరాలూ తెలిసిపోతాయి. పిల్లలతో ఆటలాగా చేయించవచ్చు. ఇవన్నీ స్ప్లింట్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి, దారిలో మళ్లీ మళ్లీ చూసి, సమయంతో సహా రాయాలి. ముందు చూడకుండా వేస్తే, తరువాత నాడి దొరకనప్పుడు అది గాయం వల్లనో కట్టు వల్లనో ఎవరూ చెప్పలేరు.

ఉంగరాలు, గాజులు, కడియం, గడియారం, మెట్టెలు, పట్టీలు ముందే తీసేయాలి. అరగంట తరువాత వాపు వాటిని రానివ్వదు. పుణ్యస్త్రీకి గాజులూ మెట్టెలూ తీయకూడదని ఇంటివాళ్లు అభ్యంతరం చెబుతారు. ఇప్పుడు తీస్తే చేతిలో పెడతాం, రేపైతే కోసి తీయాలి అని చెప్పి ఒప్పించాలి.

ఎముక బయటికి కనబడే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పి, దానిపైన స్ప్లింట్ వేస్తారు. బయటికి వచ్చిన మొనను లోపలికి నెట్టకూడదు. అవయవం బాగా వంకర తిరిగి, కింద నాడి అందకపోతే, శిక్షణ ఉన్నవారు నిలువునా మెల్లగా లాగి ఒక్కసారి సరిచేయడానికి ప్రయత్నించవచ్చు. గట్టిగా అడ్డం తగిలినా, నొప్పి ఎక్కువైనా ఆపేసి, ఉన్నది ఉన్నట్టుగా కట్టాలి. కీళ్ల గాయాలను సాధారణంగా ఉన్న భంగిమలోనే కడతారు.

విరిగింది ఎముక మధ్యలో అయితే దానికి పైనా కిందా ఉన్న కీళ్లు రెండూ కదలకూడదు. దెబ్బ తగిలింది కీలుకైతే దాని పైనా కిందా ఉన్న ఎముకలు కదలకూడదు. అందుకే ముంజేయి విరిగితే మోచేతి నుంచి అరచేతి దాకా, మోకాలి కింద విరిగితే తొడ నడుమ నుంచి పాదం దాకా స్ప్లింట్ రావాలి. చాలీచాలని పొడవు అంబులెన్సుల్లో తరచు కనబడే లోపం. బద్ద విరిగిన చోటే ముగిస్తే అది పట్టుకోదు సరికదా, అక్కడే మీటుతుంది.

పదార్థాలు, రకాలు

అంబులెన్సులో ఒక్కటే స్ప్లింట్‌కు చోటుంటే, ఈ వ్యాసకర్త ఎంపిక వంచుకునే అల్యూమినియం రేకు. వియత్నాం యుద్ధంలో పనిచేసిన అమెరికన్ ఎముకల సర్జన్ శామ్ షైన్‌బర్గ్ రూపొందించిన శామ్ స్ప్లింట్ ఈ తరహాలో ప్రసిద్ధం. చూయింగ్ గమ్ చుట్టిన రేకు కాగితాన్ని వేలికి చుట్టుకుంటుండగా ఆలోచన తట్టిందని ఆయన చెప్పుకున్నాడు. రెండు నురుగు పొరల మధ్య పలుచని మెత్తని అల్యూమినియం రేకు ఉంటుంది. సుమారు 36 అంగుళాల పొడవు, నాలుగుంబావు అంగుళాల వెడల్పు. చుట్టగా చుడితే జేబులో పడుతుంది. చదునుగా ఉన్నప్పుడు దానికి బలం లేదు. కాగితాన్ని చదునుగా పట్టుకుంటే వాలిపోయి, నిలువునా దోనెలా వంచితే నిటారుగా నిలిచినట్టు, దీన్ని పొడవునా దోనెలా వంచితేనే బిగువు వస్తుంది. ఈ ఒక్క వంపు మరిచి చదునుగా చుట్టేసినవారే ఇది గట్టిగా లేదని ఫిర్యాదు చేస్తారు. కొలత గాయపడిన చేతికి కాదు, గాయం లేని చేతికి పెట్టి చూసి వంచుకోవాలి. కత్తెరతో కోసి వేలికీ వాడవచ్చు, తీయకుండానే ఎక్స్‌రే తీయవచ్చు, కడిగి మళ్లీ వాడవచ్చు. పెద్దవాళ్ల కాలికి మాత్రం ఒకటి చాలదు.

నిచ్చెన మెట్లలా అల్లిన క్రామర్ తీగ స్ప్లింట్ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాత నేస్తం. ఎలా కావాలంటే అలా వంగుతుంది కానీ దూది దట్టంగా చుట్టకపోతే తీగలు చర్మంలో దిగుతాయి. అట్ట స్ప్లింట్లు చవక, ఒకసారి వాడి పారేయవచ్చు, తడిస్తే పోతాయి. మెత్త వేసిన చెక్క బద్దలు తిన్నగా ఉన్న కాలికి బాగుంటాయి, వంకర తిరిగిన చీలమండకు పనికిరావు.

వాక్యూమ్ స్ప్లింట్ అంటే లోపల చిన్న చిన్న ప్లాస్టిక్ పూసలున్న సంచి. అవయవం చుట్టూ అమర్చి పంపుతో గాలి లాగేస్తే ఆ వంకరకే గట్టిపడుతుంది. వంకర గాయాలకు, కీలు తప్పిన చీలమండకు ఇంత హాయిగా ఒదిగేది మరొకటి లేదు. ఖరీదు ఎక్కువ, చిన్న చిల్లు పడితే మెత్తబడిపోతుంది. గాలి ఊదే స్ప్లింట్ దీనికి తారుమారు. పారదర్శకంగా ఉంటుంది, ఊదడం తేలిక. వేలితో నొక్కితే అర అంగుళం మేర లొట్టపడేంతగానే ఊదాలి. ఎండకు, ఎత్తుకు లోపలి పీడనం పెరుగుతుంది. ఏసీ గదిలో సరిగ్గా ఉన్నది మే నెల ఎండలో ఆగిన వాహనంలో బిగుసుకుపోతుంది. మన వాతావరణానికి దీన్ని మొదటి ఎంపికగా చెప్పలేం.

ఇవేవీ లేనిచోట మడతపెట్టిన దినపత్రికల కట్ట ముంజేతికి చక్కగా సరిపోతుంది. తలగడను చీలమండ చుట్టూ మడిచి కట్టడం అత్యవసర విభాగాలవారు కూడా ఇష్టపడే పద్ధతి. కాలికి రెండో కాలే స్ప్లింట్. రెండింటి నడుమ దుప్పటి మడత పెట్టి, తువ్వాలుతోనో చున్నీతోనో నాలుగు చోట్ల కడితే చాలు. ముడులు విరిగిన చోట మీద పడకూడదు.

ఏ రకమైనా మడమ, చీలమండ గుబ్బలు, మోచేతి లోపలి వైపు, మోకాలికి బయటి వైపు కింది గుబ్బ దగ్గర మెత్త ఉండాలి. ఆ చివరిచోట నరం చర్మం కిందే ఉంటుంది. గంటల తరబడి ఒత్తిడి పడితే పాదం పైకి లేవకుండా పోతుంది.

ఏ గాయానికి ఏది

భుజం, కాలర్ బోన్, పై చేతి గాయాలకు స్లింగ్, దాన్ని ఛాతీకి కలిపి కట్టే వెడల్పాటి పట్టీ చాలు. కీలు జారిన భుజానికీ ఛాతీకీ మధ్య మిగిలే ఖాళీలో దుప్పటి మడత పెట్టాలి. మోచేయి ఉన్నదున్నట్టే. పిల్లల్లో మోచేతికి కాస్త పైన విరిగితే రక్తనాళం నలిగే ప్రమాదం ఉంది కనుక నాడి మీదే కన్నుండాలి. ముంజేయి, మణికట్టుకు రేకు స్ప్లింట్, అరచేతిలో బట్ట చుట్ట. వేలికి పక్క వేలే ఆధారం.

వృద్ధులకు తుంటి దగ్గర విరిగితే కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరుగుతుంది. వీరికి లాగే స్ప్లింట్ వద్దు, కాళ్ల మధ్య తలగడ పెట్టి కదలకుండా చూస్తే చాలు. కారు డ్యాష్‌బోర్డుకు మోకాలు గుద్దుకుని తుంటి కీలు వెనక్కి తప్పినవారి కాలు ముడుచుకుని లోపలికి తిరిగి ఉంటుంది. దాన్ని తిన్నగా చేయబోకుండా ముడుచుకున్న మోకాలి కింద దుప్పట్లు దన్ను పెట్టాలి. మోకాలి కీలు పూర్తిగా తప్పితే వెనకనున్న ధమని తెగే ప్రమాదం ఉంది. చూడ్డానికి కీలు కుదురుకున్నట్టే ఉన్నా అది రక్తనాళ సర్జన్ చూడవలసిన కేసు. కటి ఎముకల గాయం అనుమానిస్తే నడుముకు కాదు, తుంటి గుబ్బల ఎత్తున వెడల్పాటి బైండరో దుప్పటో బిగించాలి. చాలామంది పైకి, పొట్ట మీదికి కడతారు.

లాగి ఉంచే స్ప్లింట్లు

తొడ ఎముక నడుమ విరిగితే చుట్టూ ఉన్న బలమైన కండరాలు బిగుసుకుని ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాగుతాయి. తొడ పొట్టిబడి లావెక్కుతుంది, లోపల లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం చేరవచ్చు. కాలిని నిలువునా లాగి ఉంచితే నొప్పి గణనీయంగా తగ్గుతుంది. థామస్ చట్రం చేసేది ఇదే. మన ఆసుపత్రుల్లో నేటికీ వాడతారు. వలయానికి తొడ మొదట్లో చుట్టుకొలత కంటే రెండు అంగుళాలు ఎక్కువ, పొడవుకు గజ్జ నుంచి మడమ దాకా కొలత కంటే ఆరు అంగుళాలు ఎక్కువ తీసుకోవాలని హౌస్ సర్జన్లకు నేర్పుతారు. గాయపడిన కాలు వాచి ఉంటుంది కనుక కొలత రెండో కాలికి తీస్తారు.

అంబులెన్సులకు హేర్, సేగర్ వంటి మడిచిపెట్టుకునే రకాలు వచ్చాయి. సేగర్ రకంలో ఎంత బలంతో లాగుతున్నామో కొలమానం చూపిస్తుంది. శరీర బరువులో పదో వంతు, గరిష్ఠంగా సుమారు 7 కిలోలు దాటకూడదు. కటి ఎముకలు, మోకాలు, మోకాలి కింది ఎముకలు, చీలమండ దెబ్బతిన్నా, కాలు సగం తెగినట్టున్నా లాగకూడదు. బండి ప్రమాదాల్లో తొడతో పాటు వీటిలో ఏదో ఒకటి దెబ్బతినడం మామూలే. దాంతో ఈ స్ప్లింట్ అచ్చంగా పనికొచ్చే రోగులు తక్కువే. ఏడాదికి ఒకటి రెండుసార్లు కూడా వాడని పరికరాన్ని ప్రతి అంబులెన్సులో ఉంచాలా అన్న ప్రశ్న అందుకే వచ్చింది. ఆసుపత్రి పావుగంట దూరంలో ఉన్న నగరంలో మామూలు కట్టు చాలు. మన్యం నుంచో నల్లమల నుంచో రెండు గంటల ప్రయాణమైతే లాగి ఉంచే స్ప్లింట్ విలువ వేరు.

పాముకాటుకు స్ప్లింట్

తెలుగు పల్లెల్లో స్ప్లింట్ అక్కరకొచ్చే మరో సందర్భం పాముకాటు. కాటుపడిన చేయి లేదా కాలును విరిగినదానికి చేసినట్టే కదలకుండా కట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలన్నది జాతీయ మార్గదర్శకం. కండరాలు కదిలేకొద్దీ విషం వేగంగా పాకుతుంది. పైన తాడు బిగించడం, కోయడం, పీల్చడం వద్దు.

ఆసుపత్రిలో స్లాబ్

అత్యవసర విభాగంలో రేకు స్ప్లింట్ తీసి ప్లాస్టర్ స్లాబ్ వేస్తారు. చేతికి 8 నుంచి 10 పొరలు, కాలికి 12 పొరలకు పైగా, అవయవానికి ఒక పక్కనే ఉండేలా అమర్చి బ్యాండేజీ చుడతారు. చుట్టూ మూసే పూర్తి కట్టు తొలి రోజుల్లో వేయరు, వాపుకు చోటు కావాలి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. త్వరగా ఆరాలని వేడినీళ్లలో ముంచితే, అవసరానికి మించి పొరలు వేస్తే, చర్మం కాలుతుంది. గది వేడిమి నీళ్లే సరి.

కట్టు చేసే కీడు

గాయపడిన కండరాలు వాచి, వాటిని చుట్టి ఉన్న గట్టి పొరల అరల్లో ఒత్తిడి పెరిగితే సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. బిగువైన కట్టు దీన్ని తెచ్చిపెడుతుంది, ఉన్నదాన్ని పెంచుతుంది. జర్మన్ సర్జన్ ఫోక్‌మన్ 1881లో వర్ణించిన, వేళ్లు ముడుచుకుపోయిన చేయి దీని పర్యవసానమే. గాయానికి మించిన నొప్పి, వేళ్లను మరొకరు చాచితే భరించలేకపోవడం తొలి గుర్తులు. నాడి కొట్టుకుంటోందని ధైర్యపడకూడదు. నాడి పోయేసరికి కండ చచ్చిపోయి ఉండవచ్చు. పట్టీని, దూదిని చర్మం కనబడేదాకా చీల్చాలి. అవయవాన్ని గుండె ఎత్తునే ఉంచాలి, పైకి లేపకూడదు. తగ్గకపోతే అరలను కోసి తెరిచే శస్త్రచికిత్స కొన్ని గంటల్లోపే జరగాలి. స్లాబ్ వేయించుకుని ఇంటికి వెళ్లిన రోగికి రాత్రి నొప్పి పెరుగుతుంటే మాత్ర వేసుకుని తెల్లవారేదాకా ఆగడం తప్పు. ఆసుపత్రివారు ఈ మాటను రోగికీ వెంట ఉన్నవారికీ తెలుగులో, నోటితో చెప్పి పంపాలి. చీటీ మీద ఇంగ్లీషులో రాస్తే చాలదు.

అంబులెన్సులు, చట్టం

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై తరువాత అనేక రాష్ట్రాలకు పాకింది. అంబులెన్సులకు దేశవ్యాప్త ప్రమాణమైన ఏఐఎస్-125 వాహనాలను ఏ నుంచి డి దాకా నాలుగు తరగతులుగా విడదీసింది. కానీ ప్రమాదం జరిగిన మొదటి నిమిషాల్లో అక్కడ ఉండేది అంబులెన్సు కాదు, దారిన పోయేవారు. సాయం చేస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం పాతది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ ప్రకారం, సద్బుద్ధితో సాయం చేసినవారిపై, ఆ సాయంలో పొరపాటు జరిగినా సివిల్ చర్య గానీ క్రిమినల్ చర్య గానీ ఉండదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేసి, విరిగిన కాలిని రెండో కాలితో కలిపి వదులుగా కట్టి, వాహనం వచ్చేదాకా పక్కన కూర్చున్నవారికి ఈ రక్షణ వర్తిస్తుంది.